చాచా అంగట్లో పెట్టెల గుట్ట



మా హిందూపురం బజారులో బ్యాగులు బాగుచేసే చాచా ఒకాయన ఉన్నాడు. అంగడి పెద్దదేమీ కాదు. కుట్టుమిషను, గోడకు మేకులు కొట్టి వేలాడదీసిన జిప్పు చుట్టలు, డబ్బా నిండా పాత చక్రాలు, ఆయన కూర్చునే పీట. అంతే. కానీ వెనకాల గోడవారగా పెట్టెల గుట్ట ఉంటుంది. బాగుచేయమని ఇచ్చి, ఎంతవుతుందో విని, "సరే చాచా, మళ్లీ వస్తా" అని పోయి, మళ్లీ రానివాళ్ల పెట్టెలవి.

కిందటేడు నా పెట్టె తీసుకుని పోయినప్పుడు చాచా నమాజుకు వెళ్లాడు. ఆయన వచ్చేదాకా కూర్చోవాలి కదా, ఆ గుట్టను తీరిగ్గా చూశాను. ఇరవై దాకా ఉంటాయి. వాటిలో డొక్క పగిలినవి రెండే రెండు. మిగతావన్నీ చూడ్డానికి నిక్షేపంగా ఉన్నాయి. ఒకదానికి చక్రం లేదు, చక్రం ఉండాల్సిన చోట బొక్క ఉంది. ఒకదాని పిడి పైకి రాదు, ఇంకోదాని పిడి పైకి వచ్చి లోపలికి పోనని మొరాయిస్తోంది. నీలంరంగు గుడ్డపెట్టె ఒకటి, గుడ్డ చెక్కుచెదరలేదు గానీ పక్కపిడి కుట్టిన చోట నాలుగంగుళాలు నోరు తెరిచింది. జిప్పు విడిపోయినవైతే లెక్కే లేదు.

చాచా వచ్చి, నేను చూస్తున్నది చూసి నవ్వాడు. "ఏం చూస్తాండావు సార్? ఒళ్లు బాగానే ఉంటాది వాటికి. కీళ్లు పోతాయి. మన మాదిరే."

నేను ఈరోజు మీతో చెప్పాలనుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. అంగడికి పోయి పెట్టె కొనేటప్పుడు మనం ఏం చేస్తామో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. రంగు చూస్తాం. గుమ్మడికాయను తట్టినట్టు పైన వేళ్లతో తట్టి చూస్తాం. నంబరు తాళం తిప్పుతాం. పట్టీ మీద పన్నెండు వేలని వేసి, పక్కన కొట్టేసి, మూడు వేల ఎనిమిది వందలని రాస్తే మురిసిపోతాం. పెట్టెను తలకిందులు చేసి చక్రం ఎలా బిగించారో చూసినవాళ్లను నేనింతవరకు చూడలేదు. అంగడివాడు కూడా చూపించడు. మా తాతల కాలంలో ఎద్దుల బండి కొనాలంటే ముందు ఇరుసు చూసేవాళ్లు, బండికి వేసిన రంగు కాదు.

పెట్టె మన చేతుల్లోంచి పోయాక దాని గతి ఏమిటో మనకు కనబడదు, అదీ కారణం. కౌంటరు దగ్గర పట్టీ అంటించి బెల్టు మీద పెడతారు, అది రబ్బరు తెరల వెనక్కి పోతుంది, మనం కాఫీ ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కుంటాం. అసలు ప్రయాణం అప్పుడు మొదలవుతుంది దానికి. ఎక్స్‌రే యంత్రం, ఒక బెల్టు నుంచి ఇంకో బెల్టుకు మలుపులు, ఏటవాలుగా జారుడు పలక, ఆ పలక చివర అప్పటికే పడి ఉన్న పెట్టెలు. తర్వాత చిన్న ట్రాక్టరు లాగే బండ్లు. పెద్ద విమానాలకైతే సామాను అల్యూమినియం కంటెయినర్లలో పేర్చి ఎక్కిస్తారు. దేశంలో తిరిగే చిన్న విమానాల్లో చాలావాటికి ఆ ఏర్పాటు ఉండదు. విమానం కడుపులో మనిషి నిటారుగా నిలబడలేడు. మోకాళ్ల మీద కూర్చుని, వంగి, ఒక్కొక్క పెట్టెనూ లోపలికి తోసి గోడ కట్టినట్టు పేరుస్తారు. అడుగున పడిన పెట్టె మీద మూడో నాలుగో ఎక్కుతాయి. గంటలోపే పాత సామాను దించి కొత్తది ఎక్కించాలి. సామాను విసిరేస్తున్నారని వాళ్లను తిట్టుకోవడం సులువే. ఇరవై మూడు కిలోల పెట్టెలు వందకు పైగా మోకాళ్ల మీద కూర్చుని తోయమంటే మనం ఎంత సుతారంగా తోస్తామో.

ఈ తోపులాటలో దెబ్బ ముందు తగిలేది బయటికి పొడుచుకు వచ్చినదానికే. ఇరుకు సందులో ట్రాక్టరు తిరిగితే మొదట విరిగేది అరుగు మూల కదా. ఈ కాలపు నాలుగు చక్రాల పెట్టెలో ఆ అరుగు మూలలు చక్రాలే.

పెట్టెకు చక్రాలు రావడం మరీ పాత సంగతేమీ కాదు. అమెరికాలో బెర్నార్డ్ శాడో అనే ఆయన 1972లో దానికి పేటెంటు తీసుకున్నాడు. పెట్టె అడుగున నాలుగు చక్రాలు, ముందు ఒక పట్టీ, మేకపిల్లను లాక్కుపోయినట్టు లాక్కుపోవాలి. 1987లో రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ దాన్ని నిలువుగా నిలబెట్టి, రెండే చక్రాలు పెట్టి, పైకి లాగే పిడి తగిలించాడు. తర్వాత నాలుగు వైపులా గిర్రున తిరిగే చక్రాలు వచ్చాయి. విమానాశ్రయం నున్నటి నేల మీద వాటిని మించిన సుఖం లేదు, వేలితో తోస్తే పోతాయి. కానీ మన ప్రయాణం విమానాశ్రయంలో మొదలు కాదు. ధర్మవరంలో ప్లాట్‌ఫారం అతుకుల మీద, పెనుకొండ బస్టాండు బయట కంకర మీద, మా హిందూపురంలో కాలువ మీద పరిచిన బండల మీద మొదలవుతుంది. ఆ నాలుగు చక్రాలూ సన్నటి కాళ్ల మీద నిలబడి ఉంటాయి. బండల సందులో ఇరుక్కున్న చక్రాన్ని మనం విసుగ్గా ఒక్క గుంజు గుంజుతాం. అక్కడే సగం ప్రాణం పోతుంది, మిగతా సగం విమానం దగ్గర పోతుంది.

అందుకని నా మట్టుకు నేను పెద్ద పెట్టెకు రెండు చక్రాలదే మేలంటాను. ఆ చక్రాలు పెట్టె ఒంట్లోకి సగం దిగి ఉంటాయి, దెబ్బ తక్కువ తగులుతుంది. చిన్న పెట్టెకు, అంటే చేతిలో ఉంచుకునేదానికి, నాలుగు చక్రాలున్నా పర్వాలేదు, అది మన కళ్ల ముందే ఉంటుంది కదా. మా ఇంట్లో వాళ్లు దీనికి ఒప్పుకోరు. రెండు చక్రాల పెట్టెను వంచి లాగితే భుజం నొప్పి అంటారు. అదీ నిజమే. నాలుగు చక్రాలదే కావాలంటే ఒక్కొక్క కాలికి జంట చక్రాలున్నది చూడండి. చక్రం వేలితో తిప్పితే కరకర మనకుండా తిరగాలి. పక్కకు ఊపితే ఊగకూడదు. గట్టి ప్లాస్టిక్ చక్రం కంటే పైన కాస్త మెత్తటి తొడుగున్న చక్రం చప్పుడూ తక్కువ చేస్తుంది, కుదుపూ తక్కువ పంపుతుంది. ఇక అన్నిటికన్నా ముఖ్యం, లోపల అస్తరు జిప్పు తెరిచి చూడండి. చక్రాన్ని స్క్రూలతో బిగించారా, రివెట్లు కొట్టారా? చాచా భాషలో చెప్పాలంటే, "స్క్రూ ఉంటే పది నిమిషాల పని. రివెట్టు ఉంటే నాకూ తలనొప్పి, నీకూ ఖర్చు."

పిడి సంగతి. అంగట్లో అందరం పిడిని పైకి లాగి, లోపలికి నొక్కి, టక్‌మని చప్పుడొస్తే బాగుందంటాం. పూర్తిగా పైకి లాగి, పక్కలకు ఊపి చూడాలి. కొద్దిగా ఆడటం మంచిదే, బొత్తిగా ఆడని గొట్టం కుదుపుకు వంగిపోతుంది. తాడులా ఊగితే మాత్రం వదిలేయండి. ఇంకో సంగతి, ఆ పిడి లాగడానికే గాని ఎత్తడానికి కాదు. కారు డిక్కీలోకి, రైలు మెట్ల మీదికి పెట్టెను ఆ పొడుగు పిడితో ఎత్తేవాళ్లే ఎక్కువ. పెట్టె బరువంతా రెండు సన్నటి గొట్టాల చివర, రెండు చిన్న గుండీల మీద పడుతుంది. ఎత్తడానికి పక్కన పిడి, పైన పిడి వేరే ఉన్నాయి. మా దగ్గర్లో లేపాక్షి ఉంది కదా, అక్కడ స్తంభం నేలకు ఆనకుండా వేలాడుతున్నా గుడి నిలబడే ఉంది. ఆ విద్య విరూపణ్ణ కట్టించిన గుడికే చెల్లింది. పెట్టె కంపెనీల వాళ్లకు రాలేదు.

జిప్పు గురించి ఇంకాస్త చెప్పాలి. పెట్టెలకు వాడే జిప్పుల్లో ఎక్కువ భాగం నైలాన్ దారాన్ని మెలికలు తిప్పి చేసినవే. జిప్పు నంబరు పెరిగే కొద్దీ పళ్ల వెడల్పు పెరుగుతుంది. పెద్ద పెట్టెకు ఎనిమిదో నంబరో పదో నంబరో ఉండాలి. మూల తిరిగే చోట జిప్పును నెమ్మదిగా నాలుగుసార్లు అటూ ఇటూ లాగి చూడండి. అక్కడ పట్టేస్తే రేపు నిండా కుక్కినప్పుడు అక్కడే విడిపోతుంది. జిప్పు పెట్టెకు నంబరు తాళం వేసి నిశ్చింతగా ఉండేవాళ్లకు ఒక చేదు కబురు. బాల్‌పెన్ను మొన జిప్పు పళ్ల మధ్య గుచ్చితే తాళం తాళంగానే ఉంటుంది, పెట్టె తెరుచుకుంటుంది. తర్వాత జిప్పు తలను ఒకసారి అటూ ఇటూ నడిపితే మళ్లీ మూసుకుంటుంది, తెరిచిన గుర్తు కూడా మిగలదు. రెండు వరుసల జిప్పు ఉంటే ఇది కాస్త కష్టం. జిప్పే లేకుండా గట్టి చట్రం, కొక్కేలతో మూసుకునే పెట్టెలు ఉన్నాయి. అవి బరువు, ధర కూడా ఎక్కువ. తాళం దొంగను ఆపుతుందని కాదు, దారిలో పెట్టె తనంతట తాను తెరుచుకోకుండా ఆపుతుందని వేసుకోవాలి. బంగారం పెట్టెలో పెట్టొద్దని అందుకే అంటారు.

ఇక ఒంటి సంగతి. గుడ్డపెట్టెలకు తగిలించిన పట్టీల మీద 600 డెనియర్, 1200 డెనియర్, 1680 డెనియర్ అని రాసి ఉంటుంది. ఇది చదివి బిత్తరపోనక్కరలేని ఊరు ప్రపంచంలో ఏదైనా ఉందంటే అది ధర్మవరం. మా మేనమామ అక్కడ ఇరవై ఏళ్లు మగ్గం నేశాడు. ఆయనకు డెనియర్ అంటే రోజూ నోట్లో నానే మాట. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. తొమ్మిది వేల మీటర్లంటే, హిందూపురం నుంచి లేపాక్షికి పోయే దారిలో సగం దాటినంత దూరం. మా హిందూపురం మార్కెట్టుకు వచ్చే పట్టుగూళ్లలో ఒక్క గూటి పోగు రెండు మూడు డెనియర్లే ఉంటుంది. ఎనిమిది పది గూళ్ల పోగులు కలిపి తీస్తే ఇరవై, ఇరవై రెండు డెనియర్ల పట్టు. దాన్ని పురి పెట్టి, జంటలు చేసి, పడుగుకు ఒకలా పేకకు ఒకలా తయారు చేస్తారు. దాంతో నేసిన పెళ్లిచీర తల్లి నుంచి కూతురికి పోతుంది.

ఒకసారి మామకు నా పెట్టె పట్టీ చూపించి, "1680 అంట మామా, ఇంక దీనికి చావు లేదు" అన్నాను. ఆయన గుడ్డను గోటితో గీకి, పోగులు పక్కకు జరుగుతాయేమో చూసి, "దారం లావుంటే సరిపోతాదేంరా? నేత బిగువు లేదు" అన్నాడు. తర్వాత నేను తెలుసుకున్నది ఆయన మాటే. డెనియర్ దారం బరువు చెబుతుంది తప్ప ఆ దారం దేనితో చేశారో, ఎంత దగ్గరగా నేశారో చెప్పదు. నైలాన్, పాలిస్టర్ రెండూ ఒకటి కావు. రాపిడికి నైలాన్ ఎక్కువ ఓర్చుకుంటుంది. ఎండకు, తడికి పాలిస్టర్ నయం. 1200 అని రాసిన పాలిస్టర్ గుడ్డ కన్నా తక్కువ అంకె ఉన్న మంచి నైలాన్ ఎక్కువ కాలం రావచ్చు. బాలిస్టిక్ నైలాన్ అనే మాట కూడా పట్టీల మీద కనబడుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో విమాన సైనికులకు తూటా ముక్కలు తగలకుండా కోట్లు కుట్టడానికి డ్యూపాంట్ కంపెనీ తయారుచేసిన గుడ్డ అది. తూటా ఆపడం సంగతి ఎలా ఉన్నా, గరుకు నేల మీద రాపిడికి ఆగుతుందని పెట్టెల వాళ్లు పట్టుకున్నారు. కాబట్టి మీకు తెలిసిన నేతగాళ్లుంటే పెట్టె కొనేటప్పుడు వెంట తీసుకుపోండి. మామ చూసే పద్ధతి సులువు. గుడ్డ లోపలి వైపు చూస్తాడు. పూత పొట్టు రాలుతుంటే వద్దంటాడు. పిడి కుట్టిన చోట గళ్లు కొట్టి అడ్డంగా నిలువుగా కుట్టారా, ఒకే వరుస పోనిచ్చారా అని చూస్తాడు. ఒకే వరుసయితే మాట కూడా మాట్లాడడు, పక్కకు పెట్టేస్తాడు.

గట్టిపెట్టెలకు వస్తే మాత్రం పెనుకొండ వైపు చూడాలి. ఎర్రమంచి దగ్గర కియా వాళ్ల ఫ్యాక్టరీ 2019లో మొదలైంది. ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర పనిచేసే కుర్రాణ్ని పాలికార్బనేట్ అంటే ఏమిటని అడిగితే, హెడ్‌లైటు అద్దం చూపిస్తాడు. ఈ కాలపు కార్లలో అది అద్దం కాదు, పాలికార్బనేట్. బంపర్లు ఎక్కువగా పాలిప్రొపిలీన్ రకాలతో చేస్తారు. లోపలి సొగసు పలకల్లో ఏబీఎస్ అనే ప్లాస్టిక్ కనబడుతుంది. గట్టిపెట్టెలు కూడా ఎక్కువగా ఈ మూడింటితోనే చేస్తారు. ఏబీఎస్ చవక, గట్టిగానే అనిపిస్తుంది, దెబ్బకు వంగకుండా పగులుతుంది. పాలికార్బనేట్ వంగి మళ్లీ సర్దుకుంటుంది. పాలిప్రొపిలీన్ తేలిక, ఎన్నిసార్లు మడిచినా విరగదు. షాంపూ సీసా మూత చూడండి, వెయ్యిసార్లు తెరిచినా ఆ సన్నటి మడత తెగదు, అదే సరుకు. అంగట్లో పెట్టె మధ్యలో అరచేత్తో గట్టిగా నొక్కండి. లోపలికి పోయి మళ్లీ పైకి రావాలి. నొక్కిన చోట తెల్లటి గీత పడితే అది పగలబోయే చోటు. నొక్కితే అసలు కదలకుండా బండలా ఉండటం గొప్ప అని మనం అనుకుంటాం. వంగనిదే ముందు పగులుతుందని చెట్లను చూసి కూడా మనకు గుర్తుకు రాదు.

పెనుకొండ అనగానే ఇంకో సామాను ప్రయాణం గుర్తొస్తుంది. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధంలో రామరాయలు పోయాక, ఆయన తమ్ముడు తిరుమల రాయలు విజయనగరం నుంచి రాజ్యపు సొత్తు తీసుకుని పెనుకొండకు బయల్దేరాడు. ఆ సొత్తు 550 ఏనుగుల మీద పోయిందని 1900లో అచ్చయిన తన పుస్తకంలో రాబర్ట్ సూయెల్ రాశాడు. తలకు ఇరవై మూడు కిలోలనే లెక్క లేని రోజులు. ఏ ఏనుగు మీది మూట ఎక్కడ జారిందో ఎవరూ రాసి పెట్టలేదు గానీ, ఆ మూటలు కట్టినవాళ్లకు ముడి వేయడం వచ్చుంటుందని నా నమ్మకం. ఇప్పుడు అదే పెనుకొండ దారి మీద కొరియా వాళ్లు పెట్టెలతో దిగుతున్నారు, మన పిల్లలు పెట్టెలతో బయల్దేరుతున్నారు. దేవనహళ్లి విమానాశ్రయాన్ని కూడా కన్నడ వాళ్లు పొట్టిగా కే.ఐ.ఏ. అంటారు, అందుకని కియాకు పోతున్నా అని మా వైపు ఎవరైనా అంటే, ఏ కియా అని అడగాల్సి వస్తోంది. 2008లో ఆ విమానాశ్రయం తెరిచాక మనకు కలిసొచ్చింది ఒకటుంది. బెంగళూరు ఊళ్లోకి దిగకుండానే, కొడికొండ దాటి బాగేపల్లి, చిక్కబళ్లాపురం మీదుగా రోడ్డు నేరుగా అక్కడికే పోతుంది.

బరువు సంగతి మా హిందూపురం వాళ్లకు చెప్పక్కరలేదు. చింతపండు, బెల్లం, మిరపకాయల మండీలున్న ఊరు, కాటా చూడ్డం మాకు పుట్టుకతో వస్తుంది. అమెరికాకు ఎకానమీ టికెట్టు మీద మామూలుగా 23 కిలోల చొప్పున పెట్టెలు ఒప్పుకుంటారు, ఎన్ని అనేది టికెట్టును బట్టి. దేశంలో చాలా విమానాల్లో 15 కిలోలే. పెద్ద గట్టిపెట్టె ఖాళీదే నాలుగున్నర కిలోలు తూగితే, పదిహేనులో మూడో వంతు దాకా పెట్టెకే పోయినట్టు. గట్టిదనం పేరుతో బరువు కొనుక్కోకూడదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదన్న లెక్క కూడా ఉంది, అందులో చక్రాలు, పిడి కూడా లెక్కే. అంగడివాడు చెప్పే 75 సెంటీమీటర్లు చక్రాలతోనా, చక్రాలు లేకుండానా అని అడగండి. ఒక్క పెట్టె 32 కిలోలు దాటితే చాలాచోట్ల డబ్బు కట్టినా తీసుకోరు, ఎత్తే మనిషి నడుము కోసం పెట్టిన హద్దు అది.

పెట్టెను చంపేది మనం నింపే తీరు కూడా. మండీలో గోనెసంచి నింపేవాణ్ని చూడండి. నింపి, కుదిపి, మూలలు సర్ది, మూతి దగ్గర జానెడు వదిలి, దబ్బనంతో పురికొస వేసి కుడతాడు. మనం పెట్టె నిండా కుక్కి, పైన కూర్చుని జిప్పు లాగుతాం. జిప్పు పడ్డాక "చూశావా, పట్టింది" అంటాం. పట్టలేదు, ఒప్పుకుంది అంతే. బరువైనవి చక్రాల వైపు అడుగున పెట్టాలి. పచ్చడి సీసాలు, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో పెట్టి, చుట్టూ బట్టలుండేలా నడిమధ్యకు చేర్చాలి. పట్టుచీరలు నా మాట విని చేతి పెట్టెలోనే పెట్టుకోండి. ప్లాస్టిక్ కవర్లో కాదు, పాత నూలు పంచెలో చుట్టి, మడత పాతదాని మీద పడకుండా మార్చి. మడత ఒకే చోట నలిగితే జరీ అక్కడే తెగుతుందని మామ ప్రతి పెళ్లికీ చెబుతాడు. ఎండు కొబ్బరి మాత్రం పెట్టెలో వద్దు. అది నూనె సరుకు, తనంతట తానే వేడెక్కే గుణముంది కాబట్టి కౌంటరు దగ్గరే తీయిస్తారు. పవర్‌బ్యాంకు పెట్టెలో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. పచ్చి కరివేపాకు అమెరికాలో దిగగానే చెత్తబుట్టలోకి పోతుంది, మా ఆవిడకు ఈ సంగతి నేను మూడుసార్లు చెప్పాను, మూడుసార్లూ పోయింది.

ఇప్పుడు నా పెట్టె సంగతి. మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. చూడ్డానికి పోయి, తిరిగి వచ్చేటప్పటికి అర్ధరాత్రి రెండయింది. బెల్టు మీంచి పెట్టె తీసి ట్రాలీ మీద పెట్టాను, ట్రాలీ కారు దాకా, కారు డ్రైవరు ఎత్తి డిక్కీలో, ఇంటి దగ్గర అల్లుడి తమ్ముడు ఎత్తి నడవలో. బట్టలు తీశాం, పెట్టె అక్కడే ఉంది. పది రోజులయ్యాక అటక మీదికి ఎక్కిద్దామని లాగితే కదలదు. వంగి చూస్తే ఎడమ చక్రం లేదు. విమానం వాళ్లకు ఫోటో తీసి పంపాను. ఏడు రోజుల గడువు దాటిందని మర్యాదగా జవాబు రాశారు. తప్పు వాళ్లదే గానీ గడువు నాది.

ఆ గడువు ఎక్కడిదో అప్పుడు తెలుసుకున్నాను. అంతర్జాతీయ ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. మన దేశం 2009లో అందులో చేరింది. పెట్టె దెబ్బతింటే చేతికి అందిన ఏడు రోజుల లోపల రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఆలస్యంగా వస్తే, వచ్చిన నాటి నుంచి ఇరవై ఒక్క రోజులు. కంపెనీ కట్టాల్సిన పరిహారానికి మనిషికి 1,519 ఎస్‌డీఆర్ అని పరిమితి ఉంది. 2024 డిసెంబరు 28 నుంచి అమల్లోకి వచ్చిన అంకె ఇది. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క, రూపాయల్లో చూస్తే లక్షన్నర పైమాటే. అది పరిమితి మాత్రమే, అడిగిన ప్రతివాడికీ ఇచ్చేది కాదు. పైగా పెట్టెలోనే లోపం ఉండి విరిగితే ఆ మేరకు మా బాధ్యత లేదని చెప్పే వీలు కంపెనీకి ఆ ఒప్పందమే ఇచ్చింది. సన్నటి కాళ్ల చక్రం కొన్నవాడు ఇక్కడ కూడా నష్టపోతాడు. కాబట్టి బెల్టు పక్కనే పెట్టెను నాలుగు వైపులా తిప్పి చూసుకోండి. ఏం తేడా ఉన్నా బయటికి రాకముందే సామాను కౌంటరులో కాగితం రాయించుకుని, దాని నంబరు తీసుకోండి. బయల్దేరే ముందు ఇంట్లోనే పెట్టెకు ఫోటో తీసుకుంటే ఇంకా మంచిది. లోపల కూడా పేరు, ఫోను నంబరు రాసిన కాగితం ఉంచండి, పైన పట్టీ ఊడిపోతే అదే దిక్కు.

విమాన సామాను లెక్కలు కట్టే సీటా అనే సంస్థ 2024లో వెయ్యిమంది ప్రయాణికులకు 6.3 చొప్పున పెట్టెలు దారి తప్పడమో, దెబ్బతినడమో, పోవడమో జరిగిందని చెప్పింది. 2007లో ఆ అంకె దాదాపు 19. పెట్టె జాడ అడుగడుగునా కనిపెట్టే కంప్యూటర్లు ఇంత తగ్గించాయి, ఒప్పుకోవాలి. ఆ 6.3లో దెబ్బతిన్నవీ, లోపలి సరుకు పోయినవీ కలిపి వందకు పద్దెనిమిది. అంటే వెయ్యిమందిలో ఒకరి పెట్టె. చాచా అంగడి వెనకాల గుట్ట చూసినవాడికి ఈ లెక్క మీద గురి కుదరదు. నాలాంటివాళ్లు, పదో రోజున చూసుకునేవాళ్లు, కాగితం రాయించుకోకుండా ఇంటికి పోయేవాళ్లు ఆ లెక్కలో లేరు.

ఇక చాచా దగ్గర ఏమైందంటే, ఆయన అస్తరు జిప్పు తెరిచి లోపలికి చూసి, "స్క్రూలే సార్, నీ అదృష్టం" అన్నాడు. డబ్బాలో చెయ్యి పెట్టి కలియబెట్టి, నాలుగు చక్రాలు కింద పోసి, కొలత చూసి, ఒకటి ఏరాడు. నా పెట్టెది నల్ల చక్రం, ఆయన ఏరింది బూడిదరంగుది. "రంగు కలవలేదే చాచా" అన్నాను. "తిరుగుతాదా లేదా అది చూడు" అన్నాడు. నూట యాభై రూపాయలు తీసుకున్నాడు.

ఆగస్టులో మా చెల్లెలి కూతురు చదువుకు ఆ పెట్టెతోనే వెళ్లింది. దిగి ఫోను చేసింది. బెల్టు మీద నల్లపెట్టెలు ముప్పై వరుసగా వచ్చాయంట, ఒక్కొక్కరూ ఎత్తి చూసి, కాదని మళ్లీ పెడుతున్నారంట. ఈ పిల్ల కదలకుండా నిలబడింది. కాళ్లు పైకెత్తి పడుకున్న పెట్టె ఒకటి మూల తిరిగింది, ఒక కాలు నలుపు, ఒక కాలు బూడిద.